మొదటి కెమెరాగా నికాన్ జెడ్ 50: హైదరాబాదులో కొన్నేళ్లు వాడిన తరువాత

ఫోను దాటి లెన్సులు మార్చుకునే కెమెరా కొనాలనుకునేవారు సాధారణంగా ఏ బాడీ (లెన్సు లేని కెమెరా) మంచిదని అడుగుతారు. నికాన్ జెడ్ 50తో కొన్నేళ్లుగా ఈ నగరమంతా తిరిగిన అనుభవంతో నేను చెప్పేదేమిటంటే, దేనిని, ఎలాంటి వెలుతురులో తీయబోతున్నారో ముందు తేల్చుకుని, అందుకు తగిన లెన్సులు అందుబాటు ధరలో ఏ మౌంటుకు (కెమెరాకు లెన్సు బిగించే అమరికకు) దొరుకుతాయో చూసి, బాడీ సంగతి ఆ తరువాత ఆలోచించడం మేలు.

2019లో వచ్చిన ఈ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలో 20.9 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ (35 మి.మీ. ఫిల్ము ఫ్రేము కన్నా చిన్నదైన) సెన్సరు ఉంది. బ్యాటరీ, కార్డుతో కలిపి బరువు 450 గ్రాములు. ఆబిడ్స్‌లోని ఒక దుకాణంలో ఇదే తరగతి కెమెరాలు కొన్నింటిని పక్కపక్కన పెట్టించుకుని చూసినప్పుడు, చిటికెన వేలు కూడా కిందికి జారకుండా ఆనేంత లోతైన పట్టు దీనికే కనిపించింది. మండుటెండలో గోల్కొండ మెట్లెక్కేటప్పుడు, చెమట పట్టిన చేతితో కెమెరాను గంటల తరబడి పట్టుకోవలసి వచ్చినప్పుడు ఆ పట్టు విలువ తెలుస్తుంది. కాబట్టి చేత్తో పట్టుకుని చూడకుండా మొదటి కెమెరా కొనవద్దనే నా సలహా.

పగటి వెలుతురు ఉన్నంతసేపు కిట్‌లో కెమెరాతో పాటు వచ్చే రెండు లెన్సులే సరిపోతాయి. 16-50 మి.మీ. లెన్సు 135 గ్రాములే ఉంటుంది. ఫుల్‌ఫ్రేమ్ (ఆ ఫిల్ము ఫ్రేమంత సెన్సరు) లెక్కలో ఇది 24 నుంచి 75 మి.మీ. వరకు పనిచేస్తుంది కనుక కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర మరీ వెనక్కి నడవకుండానే గుమ్మటంతో సహా కట్టడమంతా ఫ్రేములో ఇముడుతుంది. అదే కట్టడం మినార్ల మీది సున్నపు పూల పనిని దగ్గరగా చూపడానికి 50-250 మి.మీ. లెన్సు కావాలి. అమీన్‌పూర్ చెరువు ఒడ్డున కదలకుండా నిలబడ్డ కొంగకు కూడా ఈ లెన్సు చాలు. ఎగిరే చిన్న పిట్టల ఫొటోలే మీ లక్ష్యమైతే మాత్రం 250 మి.మీ. చాలదు, ఈ మోడల్‌లో పక్షులను గుర్తించి వెంబడించే ఫోకస్ కూడా లేదు.

అసలు పరీక్ష వెలుతురు తగ్గినప్పుడు మొదలవుతుంది. సమాధి లోపలి మసక చీకటిలో రాయి కదలదు కనుక, లెన్సులోని వీఆర్ (కుదుపును సరిదిద్దే ఏర్పాటు) సహాయంతో సెకనులో ఎనిమిదో వంతు షట్టర్‌కు కూడా 16 మి.మీ. దగ్గర స్పష్టమైన ఫొటో వస్తుంది. రవీంద్రభారతిలో కూచిపూడి ప్రదర్శన తీసేటప్పుడు ఆ సౌకర్యం అక్కరకు రాదు, ఎందుకంటే వీఆర్ మన చేతి వణుకును సరిదిద్దుతుందే గానీ నర్తకి కదలికను ఆపలేదు. ఆమె అడుగు వేసిన క్షణాన్ని పట్టుకోవాలంటే షట్టర్ సెకనులో 250వ వంతు (1/250) కన్నా నెమ్మదిగా ఉండకూడదు. కిట్ లెన్సు 50 మి.మీ. దగ్గర ఎఫ్ 6.3 (లెన్సు రంధ్రం కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ వస్తుంది) కన్నా ఎక్కువ తెరుచుకోదు కనుక ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సరు స్పందించే స్థాయి) 6400కు చేరి, ముఖం మీది రంగు నలిగినట్టు కనబడుతుంది. 40 మి.మీ. ఎఫ్ 2 లెన్సు బిగిస్తే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి వచ్చి, అదే దృశ్యానికి ఐఎస్ఓ 640 సరిపోతుంది. అప్పుడు పట్టుచీర జరీ, కంటి కాటుక అంచు విడివిడిగా కనబడతాయి. ఏ కొత్త బాడీ కొన్నా ఇంత తేడా రాదని నా గట్టి నమ్మకం. ఆ వేదిక మీద మరొక జాగ్రత్త కూడా అవసరం: శబ్దం రాకూడదని సైలెంట్ షట్టర్ పెడితే, ఎల్‌ఈడీ దీపాల మినుకు వల్ల ఫొటోలో అడ్డ చారలు పడే అవకాశం ఉంది. పెళ్లి ఫంక్షన్ హాళ్లలోనూ ఇంతే కాబట్టి మామూలు షట్టర్‌నే వాడి, కదలిక అనుమతించినంత వరకు 1/50 గానీ 1/100 గానీ ఎంచుకోవాలి.

ఇంట్లో పాత నికాన్ లెన్సులున్నవారు ఎఫ్‌టీజడ్ అడాప్టర్‌తో వాటిని వాడుకోవచ్చు. మా బాబాయి ఇచ్చిన 50 మి.మీ. ఎఫ్ 1.8 డీ లెన్సుకు దానిమీద ఆటోఫోకస్ పనిచేయదు, చేత్తోనే తిప్పుకోవాలి. అయినా వ్యూఫైండర్‌లో ఫోకస్ పడిన అంచులు రంగుతో వెలుగుతాయి కనుక, లాడ్ బజార్‌లో కూర్చుని లక్క గాజులకు రాళ్లు అతికే చేతులను తీయడానికి నాకు అదే ఇష్టమైన లెన్సయింది.

లెన్సుల సంగతికి వస్తే, ఇతర కంపెనీల లెన్సులు అత్యధికంగా దొరికేది సోనీ వారి ‘ఈ’ (E) మౌంటుకే. జెడ్ 50 వాడే జెడ్ మౌంటుకు కూడా 2023 నుంచి సిగ్మా వారి 16, 30, 56 మి.మీ. ఎఫ్ 1.4 లెన్సులు రావడంతో కొరత చాలావరకు తీరింది.

జెడ్ 50 బాడీలో కుదుపును సరిదిద్దే ఐబిస్ లేదు, సెన్సరును తానే దులుపుకునే ఏర్పాటూ లేదు. మన రోడ్ల దుమ్ములో లెన్సు మార్చవలసి వస్తే కెమెరాను ఆపి, ముఖం కిందికి తిప్పి, రెండో లెన్సు మూత ముందే వదులు చేసుకుని మార్చడం అలవాటు చేసుకోవాలి. వానాకాలంలో లెన్సులకు బూజు పట్టకుండా గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచి, లోపల తేమ 40-50 శాతం మధ్య ఉండేలా చూసుకుంటే మంచిది.

2024లో వచ్చిన జెడ్ 50-2లో పక్షుల ఫోకస్, పక్కకు తెరుచుకునే స్క్రీను, యూఎస్‌బీ-సీ ఉన్నాయి. పక్షులో, వీడియోనో మీ అభిరుచి అయితే దానినే కొనండి. కట్టడాలు, వీధులు, ఇంట్లోవాళ్ల ఫొటోలు అయితే సెకండ్ హ్యాండ్ జెడ్ 50 కొని, మిగిలిన డబ్బు 40 మి.మీ. లెన్సుకు పెట్టడం నయం. కొనే ముందు తెల్ల గోడను ఎఫ్ 16 వద్ద తీసి, ఫొటోను పెద్దది చేసి నల్ల మచ్చలున్నాయేమో చూడండి. లెన్సులో ఒకవైపు నుంచి టార్చి వేసి, లోపల సాలెగూడు పోగుల్లాంటి బూజు కనిపిస్తే ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు.