పాత టూ ఇన్ వన్‌కు బ్లూటూత్ కిట్: రెండేండ్లు వాడినంక

మా నాయిన 1987ల కొన్న టూ ఇన్ వన్‌కు, అంటే రేడియో, క్యాసెట్ రెండూ ఉన్న సెట్టుకు, బ్లూటూత్ కిట్ పెట్టించి రెండేండ్లు దాటింది. అప్పట్ల కనిపించినోనికల్లా మీరూ పెట్టించుకోండని చెప్పిన, ఇప్పుడా మాట సగం వాపస్ తీసుకుంటున్న.

క్యాసెట్ ఆడుతలేదనే పెట్టించిన. లోపల క్యాసెట్‌ను తిప్పే రబ్బరు బెల్టు కరిగి తారు లెక్క అయింది, వేలికంటితే కిరోసిన్ పెట్టి రుద్దినా పోలే. నల్గొండల షాపాయన "బెల్టులు యాడ దొరుకుతయ్ అన్నా, మెకానిజం పీకేసి కిట్ ఏస్త, ఫోన్ల పాటలన్నీ ఇండ్లనే ఇనొచ్చు" అన్నడు. సరే అన్న. కొత్తల మస్తుండె, ఆ పాత స్పీకర్ల సప్పుడు ఇప్పటి చిన్న డబ్బాలకు రాదు, ఆ మాటైతే ఇప్పటికీ నేనంట.

గని నాకీ సెట్టు మీద పాయిరమంతా మీడియం వేవే, అదే ఎఫ్ఎం కాని పాత రేడియో బ్యాండు. కిట్ ఏసిన కాన్నుంచి 738 కిలోహెర్ట్జ్ మీద ఆకాశవాణి హైదరాబాద్ స్టేషన్ పెడితే జుయ్‌మని ఒకటే మోత. అడిగితే "పాత రేడియో గదా, ఐసీ (లోపలి చిప్పు) వీక్ అయింది" అన్నడు, నేనూ నమ్మి ఏడాది ఊకున్న.

పోయిన ఎండకాలం గాలిదుమారమొచ్చి రాత్రి కరెంటు పోయింది, ఎంతకూ రాకపాయె, ఏం తోచక ఆరు పెద్ద సెల్లేసి తిప్పిన. వార్తలు చదివేటామె కాయితం తిప్పిన సప్పుడు గూడ ఇనొచ్చింది! సెట్టు ముఖం హైదరాబాద్ దిక్కు పెడితే ఇంకా పెరిగింది, అడ్డం తిప్పితే తగ్గింది, లోపల మీడియం వేవ్‌కు ఏరియల్ లెక్క పనిచేసే ఫెర్రైట్ రాడ్ గుణం అది. గంటకు కరెంటొచ్చింది, ప్లగ్గు పెట్టిన్నో లేదో మళ్ల జుయ్. తెల్లారి విప్పి చూస్తే కిట్టుకు కరెంటియ్యటానికి ఫోన్ చార్జర్ సర్క్యూట్ ఒకటి రాడ్ పక్కనే టేపు చుట్టి పెట్టిండు. అది సెకనుకు వేలసార్లు ఆన్ ఆఫ్ అయితది, బ్లూటూత్ బంజేసినా ప్లగ్గుల ఉంటే సాలు, దాని చెత్తంతా వచ్చి మీడియం వేవ్‌ల పడ్తది.

కిట్టు పీకేసిన. మోత శానా తగ్గింది, మిగిలింది మా ఎల్ఈడీ బల్బులది, అవి ఆర్పేస్తే అదీ పోతది. ఆయన మార్చిన ఫిల్టర్ కండెన్సర్ మాత్రం అట్లనే ఉంచిన, దానితోని హమ్, అంటే కరెంటు మీద పెడితే స్పీకర్ల వచ్చే ఇంకో సన్న గుయ్‌మనే సప్పుడు, నిజంగనే పోయింది, అన్నీ పాతవే ఉండాలనే పిచ్చి నాకు లేదు. కడుపుమంటంతా క్యాసెట్ మెకానిజం గురించే, పాత ఇనుముల ఏసిండంట. బెల్టేమో కోఠి గుజరాతీ గల్లీల దొరుకుతదని తర్వాత తెల్సింది, దారంతోని పుల్లీల సుట్టు కొలుచుకొని పోయి జర చిన్నది తెచ్చుకోవాలె, అంతే.

మీరు రేడియో ఇననోళ్లయితే కిట్ ఏయించుకోండి, ఏంగాదు, పీకిన సామాను మాత్రం సంచిల ఏసుకొని ఇంటికి తెచ్చుకోండి. మా ఇంట్ల పొద్దుగాల రేడియో పెట్టందే చాయ్ దిగదు కాబట్టి నా లెక్క ఏరు. ముంగట క్యాసెట్ తలుపు కాడ బొక్క అట్లనే ఉంది, అట్ట ముక్క అడ్డం పెట్టిన. కిట్టేమో బీరువా మీద పడుంది, మా బామ్మర్ది ఆటోల పెట్టుకుంటనంటుండు.