క్రీమ్ డై: కారదు సరే, కడగడమే కష్టం

క్రీమ్ డైలో నాకు నచ్చింది ఒక్కటే. కారదు. రంగు సంగతి తర్వాత చూద్దాం. డబ్బా మీద అచ్చేసే ఆలివ్ నూనె, బాదం నూనె సంగతి అసలు వదిలేయండి. తలకి పట్టించాక చెవి వెనక నుంచి మెడ మీదకి, మెడ మీద నుంచి వీపు మీదకి దిగకుండా పెట్టినచోటే ఉంటుంది చూశారా, దానికోసమే ఇన్నేళ్లుగా వాడుతున్నాను.

పౌడర్ డై వాడినవాళ్లకే ఈ సుఖం విలువ తెలుస్తుంది. నీళ్లలో కలిపి పెట్టుకుని, భుజాల మీద పాత తువ్వాలు కప్పుకుని, తల నిటారుగా పెట్టి అరగంట కదలకుండా కూర్చోవాలి. పోపు మాడినా వంగడానికి లేదు, కాలింగ్ బెల్ మోగినా లేవడానికి లేదు. నుదుటి మీదకి ఒక చార దిగిందంటే మూడు రోజులు దాన్ని బొట్టుతోనో పౌడరుతోనో కప్పుకోవాల్సిందే. క్రీమ్ అయితే పెట్టేసుకుని కుక్కర్ ఎక్కిస్తాను, కూరలు తరుగుతాను, ఊళ్లో ఉన్న అమ్మకి ఫోన్ చేస్తాను. స్పీకర్‌లో పెట్టి, చెవికి ఆనించకుండా. మంచం మీద వాలనంత వరకు ఇంట్లో ఏ పనైనా చేసుకోవచ్చు.

ఏ కంపెనీదని అడుగుతారు. పేరు రాయడం లేదు, ఎందుకంటే రెండు మూడు మార్చి చూశాను, ఈ విషయంలో అన్నీ ఒకటే. నేను వాడేది రంగు ట్యూబు, అందులో కలిపే పెరాక్సైడ్ ద్రవం అంటే డెవలపర్ సీసా విడివిడిగా ఉండే రకం, అమోనియా లేనిది, షేడ్ 3 లేదా 4. అంటే డార్క్ బ్రౌన్, బ్రౌన్. సాషేలో వచ్చేవి చవక, ప్రయాణాల్లో బాగుంటాయి. కాకపోతే చింపాక మొత్తం వాడేయాలి. నాకు ట్యూబే కావాలి, కారణం కింద చెప్తాను.

ఎలా కలపాలో కాగితంలో ఉంటుంది, అది నేను మళ్లీ రాయను. స్టీలు గిన్నెలో మాత్రం కలపకండి. లోహం తగిలితే డెవలపర్‌లోని పెరాక్సైడ్ త్వరగా విడిపోవచ్చు. పింగాణీదో ప్లాస్టిక్‌దో పాత కప్పు ఒకటి దీనికోసమే పక్కన పెట్టుకుంటే చాలు. కలిపినప్పుడు క్రీమ్ తెల్లగానే ఉంటుంది. గాలి తగిలేకొద్దీ కప్పు అంచుల నుంచి ముందు కాఫీ రంగుకి, తర్వాత వంగపండు రంగుకి తిరుగుతుంది. అది చూసి కంగారు పడి గబగబా పులిమేయకండి. తెలుపు ఎక్కడ ఎక్కువగా ఉందో అక్కడ మొదలుపెట్టాలి. నాకైతే కణతలు, ఆ తర్వాత పాపిట. కణతల దగ్గరి వెంట్రుకలు మహా మొండివి. అక్కడ డబ్బాలో ఇచ్చే బ్రష్షు పనికిరాదు, పాత టూత్‌బ్రష్షే గతి.

ఇక ఆ రోజు సంగతి. 2024 మార్చి. ఆ వేసవిలో బెంగళూరులో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. బోర్లు ఎండిపోయాయి, ట్యాంకర్ల రేట్లు చుక్కలు చూపించాయి, తాగే నీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. మేముండేది హూడి వైపు. మా అపార్ట్‌మెంట్‌కి బోరే ఆధారం, అది చాలకపోతే ట్యాంకరు. మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా నీళ్లు బంద్ అని అసోసియేషన్ వాళ్లు గ్రూపులో పెట్టారు. ఆ మర్నాడు నెల్లూరులో మా ఆడపడుచు కూతురి నిశ్చితార్థం, రాత్రికి బస్సు. 10 గంటలకి డై పెట్టుకుంటే 11 లోపు తలస్నానం అయిపోతుంది, బంద్‌కి ఇంకా గంట ఉంటుంది.

అరగంట అయ్యాక బాత్‌రూంలోకి వెళ్లి కుళాయి తిప్పాను. కాసేపు గాలి ఊదింది, గుక్కెడు తుప్పు నీళ్లు కక్కింది, ఊరుకుంది. కిందికి ఇంటర్‌కమ్ చేస్తే సెక్యూరిటీ అబ్బాయి "నీరిల్ల మేడం, ట్యాంకర్ బందిల్ల" అన్నాడు కన్నడంలో. నీళ్లు లేవు, ట్యాంకరు రాలేదని. ఎప్పుడొస్తుందంటే "గొత్తిల్ల", తెలీదట. ఎప్పుడూ రెండు బకెట్లు నింపి ఉంచుతాం. ఒకటి పొద్దున్నే గిన్నెలకి ఖర్చయిపోయింది. మిగిలింది ఒక్క బకెట్. నా జుట్టు నడుం దాకా కాకపోయినా వీపు సగం దాకా ఉంటుంది, దాని నిండా చిక్కటి క్రీమ్. ఆ సమయంలో మా ఆయన డబ్బాలోంచి కాగితం తీసి, కళ్లజోడు పెట్టుకుని, "30 నిమిషాలకి మించి ఉంచరాదని రాశారు" అని తాపీగా చదివి వినిపించారు.

టెన్షన్ అంటే అదీ. కళ్లు మూసుకుంటే నిశ్చితార్థం ఫొటోల్లో నా తల బొగ్గు బస్తాలా కనిపిస్తోంది. ఆపద్ధర్మంగా ఎదురింటి పిన్నిగారి తలుపు కొట్టాను. ఒంగోలు మనిషి, ఎనభైకి దగ్గర పడ్డారు, ఇంటిల్లిపాదికీ తలకి రంగులేసిన అనుభవం. నన్ను చూసి నవ్వాపుకుని, "ఏడుస్తూ కూర్చుంటే పోతుందా అమ్మాయ్? పాత లుంగీ గుడ్డ ఏదైనా ఉంటే పట్రా" అన్నారు.

కుర్చీలో కూర్చోబెట్టి జుట్టు పాయలు పాయలుగా తీసి, ఒక్కో పాయని గుడ్డలో పట్టి కుదుళ్ల నుంచి చివరిదాకా తుడిచారు. నీళ్లు ఒక్క చుక్క లేకుండా. లుంగీ నిండా వంగపండు రంగు చారలు. సగం క్రీమ్ అలాగే వచ్చేసింది. తర్వాత ఒక చెంబు నీళ్లు మాత్రం తీసుకుని, వేళ్లు తడుపుకుంటూ తలంతా మర్దన చేశారు. ఇది ఇంతకుముందు నాకెవరూ చెప్పని పని. గట్టిపడిన క్రీమ్ ఆ కాస్త తడికే వదులై, నురగ పట్టినట్టు మెత్తబడుతుంది. ఆ నురగతోనే నుదురూ చెవుల దగ్గరా రుద్దితే అక్కడి మరకలు కూడా చాలావరకు కదిలాయి. ఆ తర్వాత బకెట్ నీళ్లు. అవీ అయిపోయాయి, తల నుంచి ఇంకా కాఫీ నీళ్లే వస్తున్నాయి.

ఇక మిగిలింది తాగే నీళ్ల క్యాన్. మా ఇంట్లోది ఒకటి, పిన్నిగారిది ఒకటి, ఒక్కోటి 20 లీటర్లు. మా ఆయన క్యాన్ వంచి పోస్తూ, "కారు కడిగితే 5,000. తల కడిగితే ఎంతో కనుక్కోవాల్సింది" అన్నారు. పిన్నిగారు లేకపోతే అప్పుడే ఏదో ఒకటి అనేదాన్ని. మొత్తం అయ్యేసరికి డై తల మీద గంటకి పైనే ఉంది.

తీరా ఆరాక చూస్తే రంగు ఎప్పటిలాగే వచ్చింది. నేను భయపడ్డంత నలుపు లేదు. ఆలోచిస్తే అర్థమైంది. ట్యూబునీ డెవలపర్‌నీ కలిపాక అందులో జరిగే చర్య ఓ ముప్పావుగంటలో దాదాపు అయిపోతుంది. ఆ తర్వాత జుట్టులో పెద్దగా కొత్త రంగు పుట్టదు. చర్మం మాత్రం ఊరుకోదు. చెవి తమ్మెలూ, మెడ వెనక భాగమూ మచ్చలు పడ్డాయి, ఆ రాత్రి బస్సులో మాడు దురద. కాబట్టి ఏం కాదులే అని గంట ఉంచుకోమని నేను చెప్పడం లేదు.

అసలు ఆశ్చర్యం వేరే. జుట్టు పట్టులా జారుతోంది. బెంగళూరు వచ్చాక అంత మెత్తగా ఉండటం అదే మొదలు. డబ్బాతో ఇచ్చే కండిషనర్ గొప్పతనమా అంటే, అది ప్రతిసారీ రాస్తున్నదే. తేడా క్యాన్ నీళ్లదే. మా బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉంటాయో గీజర్ విప్పి చూస్తే తెలుస్తుంది. షాంపూ నురగ రాదు, క్రీమ్ ఓ పట్టాన వదలదు, వదిలిన చోట జుట్టు గరగరలాడుతుంది. అన్నాళ్లూ డై వల్ల జుట్టు పాడవుతోందని తిట్టుకున్నదాంట్లో సగం నీళ్లకి చెందాల్సిన తిట్లు.

దాంతో పైన రాసిన మెచ్చుకోలుని కొంచెం సవరించుకోవాలి. కారకపోవడం క్రీమ్ చిక్కదనం వల్ల. ఆ చిక్కదనమే కడిగేటప్పుడు ప్రాణాలు తీస్తుంది. పౌడర్ డై ఒక్క బకెట్‌తో పోయేది. దీని కాగితంలో "నీళ్లు తేటపడే వరకు కడగండి" అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంటారు. ఎన్ని బకెట్లకి తేటపడాలి? ఆ కాగితం రాసినవాళ్ల ఇంట్లో 24 గంటలూ నీళ్లొస్తాయి కాబోలు.

అప్పట్నుంచి నా పద్ధతి మారింది. ప్రతిసారీ జుట్టంతా పెట్టను, కుదుళ్లకి మాత్రమే. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆ సెంటీమీటరుకి సగం ట్యూబు, దానికి తగ్గ డెవలపర్ చాలు. ట్యూబు రకమే కావాలన్నది ఇందుకే. కలపనిది మూత బిగించి దాచుకోవచ్చు. కలిపాక మిగిలింది మాత్రం పారేయాల్సిందే, మూతపెట్టి దాస్తే లోపల ఆక్సిజన్ చేరి డబ్బా ఉబ్బుతుంది. కుదుళ్లకే పెట్టడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. కింది జుట్టు మీద రంగు మీద రంగు పడి నల్లగా మొద్దుబారిపోదు. కడిగే ముందు గుడ్డతో తుడవడం, చెంబు నీళ్లతో మర్దన, చివర్లో ఫిల్టర్ నీళ్లు రెండు చెంబులు. ఆ చివరి రెండు చెంబులూ విలాసమే, ఒప్పుకుంటాను, కానీ మానలేను.

అమోనియా లేదన్న మాటకి కూడా ఒక షరతు ఉంది. వాసన లేదు, చిన్న బాత్‌రూంలో తలుపేసుకున్నా కళ్లు మండవు, అది నిజం. కానీ కణతల దగ్గర పట్టు తక్కువ. రెండు వారాలు దాటేసరికి అక్కడి వెంట్రుకలు ఎర్రబారి ఎండలో రాగి తీగల్లా మెరుస్తాయి. అమోనియా లేదంటే రసాయనం లేదని కాదు. దాని బదులు ఎక్కువగా ఇథనాలమైన్ వేస్తారు, రంగు పట్టించే పీపీడీ చాలావాటిలో ఉండనే ఉంటుంది. మా అక్కకి ఆ పీపీడీ పడదు. ఎప్పుడో పౌడర్ డై పెట్టుకుని తెల్లారేసరికి కనురెప్పలు వాచిపోయి ఆస్పత్రికి వెళ్లాల్సి వచ్చింది. అందుకే 48 గంటల ముందు చర్మం మీద కాస్త రాసి చూసుకోమన్న మాటని నేను తేలిగ్గా తీసుకోను. అక్క ఇప్పుడు గోరింటాకుతో సరిపెట్టుకుంటోంది. అదీ మామూలు గోరింటాకు పొడి. బజార్లో నల్ల గోరింటాకు అని అమ్మేవాటిలో చాలాసార్లు ఇదే పీపీడీ కలిపి ఉంటుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇంకో మాట. నలుపు షేడ్‌తో మొదలుపెట్టకండి. ఒకసారి నలుపు వేశాక, బాగాలేదని దాని మీద బ్రౌన్ వేస్తే బ్రౌన్ రాదు. వేసిన రంగుని ఇంకో రంగు తగ్గించలేదు, పార్లర్‌లో ఆ రంగు తీయించుకోవాలి, లేదంటే పెరిగేదాకా ఆగి కత్తిరించుకోవడమే. బ్రౌన్ నుంచి నలుపుకి ఎప్పుడైనా వెళ్లొచ్చు.

కొనమంటానా అంటే, మీ ఇంటి నీళ్లని బట్టి, మీ జుట్టు పొడవుని బట్టి. మా తమ్ముడిలా పొట్టి క్రాపు అయితే ఈ రామాయణమంతా అక్కర్లేదు, రెండు చెంబులతో అయిపోతుంది. వీపు దాకా జుట్టు ఉండి, ఇంట్లో వెనక వైపు పెట్టిపెట్టే మనిషి లేకపోతే పార్లరే నయం. చిక్కటి క్రీమ్‌ని అద్దంలో చూసుకుంటూ తల వెనక సమంగా పెట్టుకోవడం నావల్ల కాలేదు, మా ఆయనకి అప్పగించాను, ఆయన గోడకి సున్నం వేసినంత శ్రద్ధగా వేస్తారు. మాకు పార్లర్ దగ్గర్లో లేదు, వెళ్లొచ్చే తీరికా తక్కువ, అందుకని దీంతోనే నెట్టుకొస్తున్నాను.

2024 అక్టోబరులో బెంగళూరుకి కావేరి నీళ్లు తెచ్చే పథకం ఐదో దశ మొదలైంది. మా వైపుకీ నీళ్లొచ్చాయంటున్నారు. మా అపార్ట్‌మెంట్‌లో మాత్రం కనెక్షన్ డబ్బులు ఫ్లాట్ లెక్కన కట్టాలా, చదరపు అడుగుల లెక్కన కట్టాలా అని ఇంకా వాదించుకుంటున్నారు. అది తేలేదాకా నా ఓటు సగం ట్యూబుకే.