ఇంటి దారి: గరుసా, కంకరా, కాంక్రీటా?

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ హోస్కోటె, మాలూరు, దేవనహళ్లి వైపు పల్లెల్లో స్థలం కొని ఇల్లు కట్టుకోవాలనుకునే మనవాళ్లు చాలామందే ఉన్నారు. మేము నందగుడి వైపు ఇల్లు కట్టుకున్నాక చూడటానికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది అడిగింది ఒక్కటే. తారురోడ్డు నుంచి ఇంటిదాకా దారి ముందే వేయించాలా, ఇల్లయ్యాక వేయించాలా? ముందే అయితే గరుసు (గులక కలిసిన మట్టి) తోలిస్తే చాలా, కంకర వేయించాలా, ఒకేసారి కాంక్రీటు పోసేస్తే పోతుందా?

ముందే వేయించాలా అన్నదానికి జవాబు చెప్పడం తేలిక. అవును, ముందే. ఇల్లు పూర్తయ్యేదాకా ఎన్ని బరువు బండ్లు వస్తాయో, ఆ తర్వాత పదేళ్లలో కూడా అన్ని రావు. అసలు చిక్కు దేనితో వేయించాలన్న దగ్గరే వస్తుంది.

దారి గురించి ఆలోచించేటప్పుడు మనందరి కళ్ల ముందు ఉండేది మన కారు. కారు బరువు టన్నున్నర. రెడీమిక్స్, అంటే ప్లాంటులోనే కలిపిన కాంక్రీటు, తెచ్చే మిక్సర్ లారీ ఒక్కసారికి 6 ఘనపు మీటర్ల కాంక్రీటు తెస్తుంది. ఘనపు మీటరుకు దాదాపు 2.4 టన్నుల లెక్కన సరుకే 14 టన్నులు దాటుతుంది, లారీతో కలిపితే సుమారు 25. దానికంటే ముందే బోరు బండి వస్తుంది, వెనకే కంప్రెసర్ లారీ కూడా. తర్వాత ఎం-శాండ్ (రాతిని పొడిచేసి తీసే ఇసుక) టిప్పర్లు, సిమెంటు, సాలిడ్ బ్లాకులు, కడ్డీల లారీ. అందుకే ఏ దారినైనా నేను ఒక్క ప్రశ్నతోనే తూస్తాను: రాత్రంతా వాన కురిసిన మర్నాడు పొద్దున నిండు లారీ లోపలికి వచ్చి, తిరిగి బయటకు వెళ్లగలదా?

మేము మొదట గరుసే తోలించాం. మా దారి 120 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. ఫిబ్రవరిలో గరుసు పరిచి, నీళ్లు చల్లి, రోలరుతో తొక్కిస్తే సిమెంటు గచ్చులా గట్టిపడింది. బోరు బండి వచ్చి వెళ్లింది, పునాది రాళ్లు దిగాయి, ఎక్కడా గాడి పడలేదు. చవకలో పని అయిపోయిందని సంతోషపడ్డాం. మే నెలలో రెండు రాత్రులు ఉరుముల వాన పడింది. మూడో రోజు ప్లింత్ బీముకు (పునాది మీద, గోడల కింద పోసే దూలం) కాంక్రీటు. మొదటి లారీ రోడ్డు దిగి నలభై అడుగులు వచ్చి వెనక చక్రాలు ఇరుసుదాకా దిగబడ్డాయి. రెడీమిక్స్‌ను ప్లాంటులో లోడు చేసిన రెండు గంటల్లోపు దించేయాలి. ప్రయాణానికే గంట పైన పోయింది. ఉన్న కూలీలంతా తట్టలతో మోసినా సగం కూడా బీములో పడలేదు. వెనక వచ్చిన రెండో లారీని రోడ్డు మీద నుంచే తిప్పి పంపాం, డబ్బు మాత్రం రెండింటికీ కట్టాం. జేసీబీ వచ్చి లారీని లాగేసరికి చీకటి పడింది. సగంలో ఆగిన బీమును చూసి ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు.

గరుసు మంచిది కాదని నేను అనడం లేదు. అందులో గులకతోపాటు బంకమన్ను కలిసి ఉంటుంది. ఎండలో రాళ్లను పట్టి ఉంచేది ఆ బంకమన్నే, తడిస్తే జారిపోయేదీ అదే. వేసవిలోనే మొత్తం పని ముగిసేదైతే గరుసు చాలు. కానీ బెంగళూరు చుట్టుపక్కల ఏప్రిల్, మే నెలల్లోనే ఉరుముల వానలు మొదలవుతాయి, సెప్టెంబరు, అక్టోబరు వచ్చేసరికి బాగా ముదురుతాయి. ఇల్లు కట్టడానికి ఏడాది పడుతుందనుకుంటే వానాకాలాన్ని తప్పించుకునే దారి లేదు.

ఇక కాంక్రీటు. ముందే పోసేస్తే బురద బాధ ఉండదు, చూడటానికి బాగుంటుంది, ఒకటే ఖర్చు. ఇవన్నీ నిజమే. అయితే కారు కోసం పోసే నాలుగంగుళాల కాంక్రీటు నిండు మిక్సర్ లారీ కింద పగులుతుంది. లారీని మోయాలంటే కింద గట్టి కంకర పరుపు, పైన ఆరు నుంచి ఎనిమిది అంగుళాల మందం కావాలి. పోశాక పూర్తి బలం రావడానికి 28 రోజులు ఆగాలి, అన్ని రోజులు బండ్లు ఎటు నుంచి రావాలి? ఇంకో చిక్కు కూడా ఉంది. బోరు పైపు, కరెంటు కేబుల్, మురుగు పైపు ఎటు నుంచి ఎటు వెళ్లాలో పని సాగేకొద్దీ మారుతూనే ఉంటుంది. ప్రతి మార్పుకూ కొత్త దారిని కోయాలి. పని చివర్లో కాంక్రీటు మంచిదే, మొదట్లో మాత్రం వద్దంటాను.

నా ఓటు కంకరకు. ఆ మే నెల తర్వాత మేము చేయించింది ఇదే. మెత్తబడిన గరుసు తీయించి, కింది నేలను రోలరుతో తొక్కించి, జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచాం. ఈ గుడ్డ ఎందుకని మా మేస్త్రీ కూడా అడిగాడు. అది లేకపోతే వానకు కింది బంకమన్ను రాళ్ల సందుల్లోకి పైకి వస్తుంది, రాళ్లు కిందికి దిగిపోతాయి, రెండేళ్లలో పోసిన కంకర కనబడదు. గుడ్డ మీద ఆరంగుళాలు పెద్ద కంకర వేసి తొక్కించాం. దాని మీద మూడంగుళాలు చిన్న కంకర, సందులు నిండేంత క్వారీ డస్ట్ (కంకర కొట్టేటప్పుడు వచ్చే రాతిపొడి) వేసి మళ్లీ తొక్కించాం. డస్ట్ సందులకే, పైన మందంగా పరిస్తే అదీ బురదే అవుతుంది. మధ్య ఎత్తుగా, రెండు పక్కలకు వాలు ఉండాలి, పక్కన చిన్న కాలువ తీయాలి. నీళ్లు నిలిస్తే ఏ దారీ నిలవదు. మా కొలతలకు తొమ్మిదంగుళాల మందానికి 1,080 ఘనపుటడుగులు, తొక్కితే అణిగేదానికి ఇంకో పాతిక శాతం కలపండి. లోడు లెక్కన కొనకుండా టిప్పర్ తొట్టి కొలిచి ఘనపుటడుగుల్లో లెక్క కట్టించుకోండి. సెప్టెంబరులో స్లాబు వేసిన రోజు పొద్దునదాకా చినుకులు పడుతూనే ఉన్నాయి. లారీలన్నీ ఆగకుండా వచ్చి వెళ్లాయి.

ఈ ఖర్చు వృథా పోదు. ఏడాదిపాటు లారీలు తొక్కిన ఆ పరుపే తర్వాత వేసే కాంక్రీటుకు పునాది అవుతుంది.

పేవర్ బ్లాకులు ఇల్లయ్యాక ముచ్చట కోసం వేసుకోవచ్చు. 60 మి.మీ.వి కార్లకు సరిపోతాయి, లారీలకు కాదు. తారు ఇంత చిన్న దారికి వేసేవాళ్లు దొరకడమే కష్టం.

ఏది వేయించినా తప్పనివి కొన్ని ఉన్నాయి. రోడ్డు పక్క కాలువలో నీళ్లు పోవడానికి హ్యూమ్ పైపు (గుండ్రటి కాంక్రీటు పైపు) వేస్తే ఎన్‌పీ3 రకం అడగండి, ఎన్‌పీ2 తేలికపాటి బండ్లకే. దారి కింద అడ్డంగా రెండు మూడు చోట్ల నాలుగంగుళాల ఖాళీ పీవీసీ పైపులు ముందే పూడ్చిపెట్టండి. తిన్నగా ఉన్నచోట 12 అడుగుల వెడల్పు చాలు, రోడ్డు నుంచి లోపలికి తిరిగే చోట మాత్రం అంతకంటే బాగా వెడల్పు కావాలి. మిక్సర్ లారీ దాదాపు పన్నెండు అడుగుల ఎత్తు ఉంటుంది, పైన కరెంటు తీగలు, చింతకొమ్మలు చూసుకోండి. తీగలు కిందికి ఉంటే బెస్కామ్ (ఇక్కడి కరెంటు సంస్థ) వాళ్లతో మాట్లాడకుండా లారీని పిలవద్దు. కంకర తోలించే ముందే మీ దారి గ్రామ నక్షాలో బండిదారిగా ఉందో, పక్కవాళ్ల పొలంలో నుంచి పోతోందో సర్వేయరుతో కొలిపించుకోండి.

గేటు దిమ్మెలు మాత్రం అన్నిటికన్నా చివర కట్టండి. మేము ఇల్లంతా అయ్యాక, టైల్స్ లారీ వెళ్లిపోయిన వారానికి కట్టించాం. అప్పుడే ఆ కంకర మీద చక్రాలు నడిచేచోట రెండున్నర అడుగుల వెడల్పున రెండు కాంక్రీటు పట్టీలు, ఆరంగుళాల మందంతో పోయించాం. మధ్యలో గడ్డి పెంచుతున్నాం. నీళ్ల ట్యాంకర్ ఇప్పటికీ వాటి మీదుగానే వస్తోంది.