నాలుగో చేతికి వచ్చిన సిటీ వీటెక్: కొన్నేళ్ల వాడకం తర్వాత

2003 చివర్లో హోండా తన సిటీ కారుని కొత్త ఆకారంలో దించినప్పుడు అందులోని ఒకటిన్నర లీటర్ల ఇంజిన్ శక్తి 77 బీహెచ్‌పీ. దానికి ముందు అమ్మిన పాత సిటీ వీటెక్‌లోదీ ఒకటిన్నర లీటర్ల ఇంజినే, కానీ అది 106 ఇచ్చేది. కొత్తది మైలేజీ కోసం చేసిన బండి, పాతది పరుగు కోసం చేసినది. 2000 నుంచి 2003 దాకా మాత్రమే వచ్చిన ఆ వీటెక్‌ల కోసం ఇప్పటికీ వెతికేవాళ్లు ఉన్నారంటే కారణం అదే. నా దగ్గరున్నది 2001 మోడల్, ఏపీ16 నంబరు. రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ39 సిరీస్ వచ్చింది 2019లో కాబట్టి, నంబరు చూడగానే కృష్ణా జిల్లా బండి అని తెలిసిపోతుంది. నేను దీనికి నాలుగో ఓనర్‌ని. ఒకప్పుడు విజయవాడలో పేరున్న ఈ మోడిఫైడ్ బండి నా చేతికి వచ్చేసరికి ఎలా ఉంది, దాన్ని మళ్లీ నిలబెట్టి ఇన్నేళ్లు నడిపితే ఏం తెలిసింది అన్నది రాస్తున్నాను.

మొదటి ఓనర్ పటమట ఆయన, మా బాబాయికి తెలిసినవారు. నేను కాలేజీలో ఉన్న రోజుల్లో బెంజి సర్కిల్ దగ్గర ఈ బండి ఆగిందంటే కుర్రాళ్లు చుట్టూ చేరేవాళ్లు. ఆయన చేయించిన పని ఎక్కువేమీ కాదు, కానీ చేసినంతవరకు గట్టిగా చేయించారు. ఇంజిన్ లోపల చెయ్యి పెట్టలేదు. గాలి పీల్చే వైపు మంచి ఫిల్టర్, పొగ వదిలే వైపు స్టెయిన్‌లెస్ స్టీల్ హెడ్డర్ (ఇంజిన్ నుంచి పొగను బయటికి తెచ్చే గొట్టాలు), పొగకి అడ్డు తక్కువగా ఉండే ఫ్రీ ఫ్లో సైలెన్సర్ పెట్టించారు. స్ప్రింగులు కోయించకుండా తక్కువ ఎత్తువి కొత్తగా తెప్పించి, వాటికి సరిపోయే షాకబ్జార్లు కూడా వేయించారు. 15 అంగుళాల అల్లాయ్‌లు. వెండి రంగు తీసేసి ముదురు నీలం వేయించి, ఆ మార్పు సి బుక్కులో ఎక్కించారు. ఈ చివరి పని చేసేవాళ్లు నూటికి ఒక్కరు కూడా ఉండరు. వైరింగ్ చూస్తే ఆయన ఎలాంటి మనిషో అర్థమవుతుంది: అదనంగా లాగిన ప్రతి తీగ జాయింటు సోల్డర్ చేసి, పైన స్లీవ్ తొడిగి ఉంటుంది. మెలితిప్పి టేపు చుట్టింది ఒక్కటి కూడా దొరకలేదు.

తర్వాత బండి బందరు వెళ్లింది. అక్కడ రొయ్యల చెరువులున్న ఒకాయన తక్కువలో వచ్చిందని కొన్నారు. డిక్కీలో మేత బస్తాలు వేసేవారు. సముద్రపు గాలి, చెరువుల తేమ, తడి బస్తాలు కలిసి డిక్కీ అడుగు రేకును, వెనక చక్రాల పైన ఉండే అంచుల్ని తినేశాయి. ఆ తర్వాత గుంటూరులో మిర్చి వ్యాపారి చేతికి వచ్చింది. ఆయన గ్యాస్ కిట్ పెట్టించారు. బండి కింద తగులుతోందని స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు ఇరికించారు. ఆయిల్ మార్చాలన్న ఆలోచన డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగితేనే వచ్చేది. చివరికి మిర్చి యార్డు పక్క సందులో వేప చెట్టు కింద చాలాకాలం కదలకుండా పడి ఉంది. నేను చూడబోయేసరికి బానెట్ మీద రంగు పొట్టు పొట్టుగా లేచిపోయి, లోపల ఎలుకలు తీగలు కొరికేసి ఉన్నాయి. ఏసీ వేస్తే కళ్లు మండాయి. మిరప ఘాటు కాయిల్‌లో ఎంతగా పేరుకుందంటే, డ్యాష్‌బోర్డు మొత్తం విప్పి కాయిల్ బయటికి తీసి కడిగితే గానీ పోలేదు.

అయినా ఎందుకు కొన్నానంటే, కింద పడుకుని టార్చి వేసి చూశాను. ఆ స్టెయిన్‌లెస్ హెడ్డర్ మీద తుప్పు మచ్చ లేదు. సోల్డర్ జాయింట్లు అలాగే ఉన్నాయి. పాడైనవన్నీ రెండు రకాలు: ఒకటి, పట్టించుకోకుండా వదిలేసిన కంపెనీ భాగాలు, రెండు, తర్వాతి ఓనర్లు చౌకగా అతికించినవి. మొదటాయన చేయించిన పని మాత్రం ఏళ్ల తరబడి సాగిన నిర్లక్ష్యాన్ని కూడా తట్టుకుంది. మోడిఫై చేస్తే బండి పాడైపోతుందని మన ఊళ్లో చాలామంది ఖాయంగా చెబుతారు. ఈ బండిని దగ్గరగా చూసినవాడిగా నేను ఆ మాట ఒప్పుకోను.

జవహర్ ఆటోనగర్‌లో నాకు తెలిసిన మేస్త్రి దగ్గరికి ట్రక్కు మీద వేసుకుని తెచ్చాను. ఆటోనగర్ అనగానే అందరికీ లారీల బాడీ కట్టే షెడ్లే గుర్తొస్తాయి కానీ, పాత కార్ల మీద ఓపిగ్గా పని చేసే చేతులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ముందు గ్యాస్ కిట్ తీసేశాం. దాని కోసం గాలి గొట్టానికి పెట్టిన కన్నాలు మూయడానికి లేత్ పని చేయించాల్సి వచ్చింది. ఆ కిట్ సి బుక్కులో ఎక్కనే లేదు. కొరికిన తీగలు మార్చి, టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, క్లచ్ ప్లేటు కొత్తవి వేశాం. బండి స్టార్ట్ అయింది, నడిచింది. కానీ అది నేను విన్న బండి కాదు. ఎంత తొక్కినా మామూలు కారులాగే ఉంది.

వీటెక్ అంటే ఏమిటో ఇక్కడ కొంచెం చెప్పాలి. ఇంజిన్‌లోకి గాలి, పెట్రోలు వచ్చే వాల్వుల్ని క్యామ్ షాఫ్టు అనే తిరిగే కడ్డీ మీది గుండ్లు (ఉబ్బెత్తు భాగాలు) నొక్కి తెరుస్తాయి. మామూలు ఇంజిన్‌లో ఆ గుండ్ల ఆకారం ఒక్కటే ఉంటుంది. వీటెక్‌లో తక్కువ వేగానికి ఒకటి, ఎక్కువ వేగానికి ఇంకొంచెం ఎత్తుగా ఉండేది మరొకటి. ఇంజిన్ ఒక వేగం దాటగానే కంప్యూటర్ ఒక సోలెనాయిడ్‌ను (కరెంటుతో తెరుచుకునే ఆయిల్ వాల్వు) తెరుస్తుంది, ఆయిల్ ఒత్తిడి చిన్న పిన్నుల్ని తోసి వాల్వుల్ని నొక్కే రాకర్లను కలిపేస్తుంది, అప్పటినుంచి వాల్వులు ఎత్తు గుండు మీద నడుస్తాయి. ఈ మొత్తం వ్యవహారం ఇంజిన్ ఆయిల్ మీద ఆధారపడి ఉంది. ఆయిల్ మార్చకపోతే మడ్డి పడుతుంది, సోలెనాయిడ్ దగ్గరుండే చిన్న జల్లెడ మూసుకుపోతుంది, వీటెక్ రాదు. బండి ఆగదు, పొగ రాదు, శబ్దం మారదు. ఓనర్‌కి ఏమీ తెలియదు.

మేస్త్రి ఆ సోలెనాయిడ్ విప్పితే జల్లెడ నల్లటి తారు ముద్దలా ఉంది. కడిగి, గాస్కెట్ మార్చి బిగించాక కొన్నిసార్లు వచ్చేది, కొన్నిసార్లు వచ్చేది కాదు. జనవరి పొద్దున హైవే మీద అసలు వచ్చేదే కాదు. చాలా రోజులు అర్థం కాలేదు. ఒకరోజు ఆయనే రేడియేటర్ గొట్టం చేత్తో పట్టుకుని చూసి, “దీనికి థర్మోస్టాట్ లేదండీ, ఎవరో పీకేశారు” అన్నారు. ఎండలకి బండి వేడెక్కకుండా ఉంటుందని మన దగ్గర చాలామంది మెకానిక్‌లు చేసే పని ఇది. కానీ ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌లోకి పోకుండా ఆపేది థర్మోస్టాటే. అది లేక ఇంజిన్‌కి కావలసిన వేడి ఎక్కకపోతే కంప్యూటర్ ఇంకా చలి ఇంజిన్ అనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది, వీటెక్‌ను ఆపేసి ఉంచుతుంది. కొన్ని వందల రూపాయల థర్మోస్టాట్ వేశాక ఆ సమస్య పోయింది, మైలేజీ కూడా లీటరుకి రెండు కిలోమీటర్లకు పైగా పెరిగింది. మంగళగిరి దాటాక ఖాళీ రోడ్డు మీద సెకండ్ గేర్‌లో ముల్లు 5,000 దగ్గరికి వెళ్లినప్పుడు శబ్దం ఒక్కసారిగా బొంగురు నుంచి గట్టి కేకలా మారి బండి ముందుకి దూకింది. పటమట ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్తే, ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “తమ్ముడూ, ఆయిల్ మాత్రం నువ్వే దగ్గరుండి మార్పించు” అన్నారు. అప్పటినుంచి అలాగే చేస్తున్నాను.

ఇక రోజువారీ వాడకం. రబ్బరు బఫర్లు తీసేశాక బండి మళ్లీ రోడ్డుకి అతుక్కుని తిరుగుతోంది. కనకదుర్గ ఫ్లైఓవర్ మీద ఆ పొడవాటి వంపులో స్టీరింగ్ ఎంత నిలకడగా ఉంటుందో చెప్పలేను. ఇప్పటి ఎత్తు బండ్లలో ఆ ధైర్యం రాదు. వన్ టౌన్ సందుల్లో, కాలనీల్లో ఎవరికి వారు పోసుకున్న సిమెంటు స్పీడ్ బ్రేకర్ల మీద మాత్రం ఏటవాలుగా ఎక్కించాల్సిందే. ఇంట్లో పెద్దవాళ్లకి కూర్చోవడం, లేవడం కష్టం. మా అమ్మ గుంటూరు ప్రయాణానికి ఈ బండి ఎక్కదు. మైలేజీ ఊళ్లో పది, పదకొండు, హైవే మీద పద్నాలుగు దాకా వస్తుంది. ఏసీ ఏప్రిల్ దాకా బాగుంటుంది. మే నెల మధ్యాహ్నం బందర్ రోడ్డు ట్రాఫిక్‌లో అది చల్లబరచలేదు. సన్ ఫిల్మ్ వేద్దామంటే 2012లోనే సుప్రీంకోర్టు వద్దన్నది.

ఎండల్లో బాగా టెన్షన్ పెట్టింది ఇంకొకటుంది. మధ్యాహ్నం ఎండలో ఆపి వచ్చి తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. సాయంత్రం అదే బండి ఒక్క తిప్పుకి స్టార్ట్ అవుతుంది. ఒకచోట బ్యాటరీ మార్చమన్నారు, ఇంకోచోట పెట్రోలు పంపు మార్చేశారు, అయినా అంతే. అసలు సంగతి డ్యాష్‌బోర్డు కింద ఉండే మెయిన్ రిలే, అంటే పెట్రోలు పంపుకి కరెంటు అందించే స్విచ్చు. దాని లోపల ఇరవై ఏళ్లు దాటిన సోల్డర్ ఎండకి విచ్చుకుని, వేడిలో కరెంటు అందదు, చల్లబడితే అందుతుంది. తాళం ఆన్‌లో పెట్టగానే వెనక పెట్రోలు పంపు రెండు సెకన్లు సన్నగా మోగాలి. మోగలేదంటే ముందు రిలే చూడండి. టీవీలు బాగుచేసే కుర్రాడు పది నిమిషాల్లో మళ్లీ సోల్డర్ పెట్టి ఇచ్చాడు, ఆ తర్వాత ఇబ్బంది రాలేదు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు కాబట్టి పాత రబ్బరు పెట్రోలు గొట్టాలన్నీ మార్పించాను. ఈ వయసు బండి ఉన్నవాళ్లు ఆ పని వాయిదా వేయకండి, కారితే మంటలే.

విడి భాగాల విషయంలో ఇంజిన్‌కి కావలసినవి దొరుకుతాయి, బుష్‌లు ఆటోనగర్‌లో చేయించుకోవచ్చు. హెడ్‌లైట్లు, తలుపుల రబ్బర్లు, లోపలి ప్లాస్టిక్ ముక్కలు మాత్రం దొరకవు. చెన్నై పుదుపేటలోనో, ఢిల్లీ కశ్మీరీ గేట్‌లోనో వెతికించాలి. నేను ఎడమ వెనక లైటు కోసం చాలాకాలం ఆగాను. టింకరింగ్, పెయింటింగ్‌కి అయిన ఖర్చు బండి కొన్న ధర కంటే ఎక్కువ. దాని మీద నాకు బాధ లేదు, కానీ కొనేవాళ్లు ముందే లెక్క వేసుకోవాలి.

కాగితాల సంగతి. సొంత కారుకి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. 20 ఏళ్లు దాటిన కారుకి ఆ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేసింది, దాని పైన గ్రీన్ ట్యాక్స్. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం సి బుక్కులో ఉన్న కంపెనీ వివరాలు మారేలా బండిని మార్చకూడదు; 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందుకి వెళ్లేముందు నేను ఫ్రీ ఫ్లో తీసి కంపెనీ సైలెన్సర్ వేయించాను, ఆ తర్వాత మళ్లీ మార్చలేదు. శబ్దం కొంత తగ్గింది. ఊళ్లో ఇరుగుపొరుగుతో బతికే మనిషికి అదే మంచిది. రంగు మాత్రం పటమట ఆయన అప్పుడే ఎక్కించారు కనుక ఎవరూ ఏమీ అడగలేదు.

ఇలాంటిది కొనబోయేవాళ్లు ముందు సి బుక్కులో సీసీ చూడండి. 1.3 లీటర్ల బండికి వీటెక్ స్టిక్కర్ వేసి అమ్మేవాళ్లున్నారు. ఒకటిన్నర లీటర్ల ఇంజిన్ అయితే 1493 ఉంటుంది. అది ఉన్నా వీటెక్ అని కాదు, ఇంజిన్ పక్కన సోలెనాయిడ్ ఉందో లేదో తెలిసినవాళ్లతో చూపించండి. కార్పెట్ లేపి రేకు చూడండి, ముఖ్యంగా 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్ నగర్ వైపు ముంచేశాక. ఆ నీళ్లలో రోజుల తరబడి నిలబడిన బండ్లు కడిగి తుడిచి అమ్మకానికి వచ్చే అవకాశం ఉంది. సీటు బెల్టు చివరిదాకా లాగితే బురద గీత కనిపిస్తుంది. టైరు మీది నాలుగంకెల తారీఖు (తయారైన వారం, ఏడాది) చదవండి, ఆగిపోయిన బండి టైర్లకి గాడులు అరగకుండా ఉంటాయి గానీ రబ్బరు రాయిలా గట్టిపడి ఉంటుంది. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే, ఇంటికి తెచ్చేముందే మార్పించండి. అది తెగితే ఈ ఇంజిన్‌లో పిస్టన్లు వెళ్లి వాల్వులకి కొట్టుకుంటాయి, అప్పుడు హెడ్ మొత్తం దింపాల్సి వస్తుంది.