హెలికాప్టర్ లైసెన్స్ వచ్చింది, మరి ఎగిరిన గంటల సంగతి? కొనుక్కోవడమా, పాఠాలు చెప్పడమా, సీజన్ పనులా: ఏది మేలు?

కమర్షియల్ లైసెన్స్ అంటే డబ్బు తీసుకుని హెలికాప్టర్ నడపడానికి చట్టం ఒప్పుకుందని అర్థం, అంతే. నడపమని తాళం చేతికిచ్చేవాడు దొరుకుతాడని అందులో ఎక్కడా రాసి ఉండదు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ లెక్కలో మామూలుగా 150 గంటలు ఎగిరితే హెలికాప్టర్ కమర్షియల్ అయిపోతుంది, కానీ టూర్లు తిప్పే కంపెనీలూ సముద్రంలోని ఆయిల్ ప్లాట్‌ఫారాలకు మనుషుల్ని చేరవేసే కంపెనీలూ సాధారణంగా వెయ్యి గంటల దగ్గర్నుంచి మాట్లాడటం మొదలుపెడతాయి, ఎయిర్ అంబులెన్స్ వాళ్లయితే 2,000 దాకా అడుగుతారు. గంటలుంటే ఉద్యోగం, ఉద్యోగం ఉంటే గంటలు. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు అన్న సామెత మన పైలట్ల కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది.

ఇంతకీ ఆ వెయ్యి గంటలు ప్రభుత్వం పెట్టిన అంకె కాదు. అమెరికాలో చార్టర్ ఫ్లైట్లకు వర్తించే పార్ట్ 135 రూల్ విజువల్‌గా (కళ్లతో బయట చూస్తూ) ఎగిరే కెప్టెన్‌కి అడిగేది 500 గంటలే, అందులో 100 క్రాస్ కంట్రీ (ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లినవి), ఆ వందలో 25 రాత్రివి. మిగతాదంతా ఇన్సూరెన్స్ కంపెనీల పట్టుదల, హెలికాప్టర్‌ని కాంట్రాక్టుకి తీసుకునే పెద్ద క్లయింట్ల పట్టుదల. ఈ తేడా ముందే తెలిస్తే మంచిది, ఎందుకంటే ఇన్సూరెన్స్ వాడు మొత్తం గంటలు చూసి ఊరుకోడు: అందులో హెలికాప్టర్‌వి ఎన్ని, పైలట్ ఇన్ కమాండ్‌గా (ఆ ఫ్లైట్‌కి బాధ్యుడిగా) ఎన్ని, మనం ఎక్కబోయే మోడల్ మీద ఎన్ని, టర్బైన్ ఇంజన్‌వి ఎన్ని అని, ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్‌లో ఒక్కో కాలమ్ విడివిడిగా అడుగుతాడు. కాబట్టి కింద చెప్పే దారుల్లో ఏది మేలో తేల్చాలంటే గంటలు ఎంత త్వరగా వస్తాయన్నది ఒక్కటే చూస్తే చాలదు, అవి ఏ కాలమ్‌లో పడతాయో కూడా చూడాలి.

ముందు కొనుక్కునే గంటల సంగతి. అంటే హెలికాప్టర్ అద్దెకు తీసుకుని, చేతి చమురు వదిలించుకుంటూ, లాగ్‌బుక్ నింపుకోవడం. ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు, ఎవరి దయా అక్కర్లేదు, డబ్బుంటే రేపే మొదలుపెట్టొచ్చు. కానీ హెలికాప్టర్ గంట ఎందుకు అంత ఖరీదో ఒకసారి ఆలోచించండి. రెండు సీట్ల చిన్న హెలికాప్టర్ రాబిన్‌సన్ ఆర్22నే తీసుకుంటే ప్రతి 2,200 గంటలకో లేదా 12 ఏళ్లకో, ఏది ముందొస్తే అప్పుడు, మెషీన్ మొత్తం ఓవర్‌హాల్‌కి (విప్పి మళ్లీ బాగుచేయడానికి) పోవాలి. మీరు కట్టే ప్రతి గంట అద్దెలోనూ పెట్రోలుతో పాటు ఆ ఓవర్‌హాల్ వాటా ఉంటుంది, ఇన్సూరెన్స్ వాటా ఉంటుంది. అందుకే ఎంత బేరమాడినా ఒక స్థాయి కిందికి దిగదు. 150 నుంచి 1,000 దాకా ఈ పద్ధతిలోనే పోదామనుకునేవాళ్లు ఆ 850ని గంట అద్దెతో గుణించి చూసుకుంటే చాలు, నేను ఇంకేమీ చెప్పక్కర్లేదు.

డబ్బు కన్నా నాకు ఎక్కువ ఇబ్బందిగా అనిపించేది ఆ గంటల నాణ్యత. కొత్త పైలట్ ఒంటరిగా ఎగిరేటప్పుడు ఏం చేస్తాడు? తనకు బాగా వచ్చినవే చేస్తాడు. అదే సర్క్యూట్, అదే దిగుడు, అదే ఊరి మీద చక్కర్లు. ఆటోరొటేషన్ (ఇంజన్ పోతే రోటర్ గాలికే తిరుగుతుండగా దిగడం) ఒంటరిగా ప్రాక్టీస్ చేయడు, చేయకూడదు కూడా. తప్పు చేస్తే పక్కన చెప్పేవాడుండడు. ఇలా వంద గంటలు తిప్పినవాడిని చెక్ రైడ్‌లో (పరీక్ష ఫ్లైట్‌లో) కూర్చోబెడితే పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఖర్చు తగ్గించుకోవడానికి ఇద్దరు కలిసి ఎగిరే పద్ధతి ఒకటుంది. ఒకరు కళ్లకు హుడ్ పెట్టుకుని ఇన్‌స్ట్రుమెంట్స్ మాత్రమే చూస్తూ నడుపుతారు, రెండోవారు సేఫ్టీ పైలట్‌గా బయట చూస్తారు. ఎఫ్ఏఏ దగ్గర సేఫ్టీ పైలటే ఆ ఫ్లైట్‌కి బాధ్యుడైన కమాండర్ అని ముందే ఒప్పుకుంటే ఇద్దరూ ఆ సమయాన్ని పైలట్ ఇన్ కమాండ్ కాలమ్‌లో రాసుకోవచ్చు. చట్టప్రకారం తప్పేమీ లేదు. కాకపోతే ఒక లాగ్‌బుక్‌లో ఇవి పది, ఇరవై ఉంటే ఎవరూ పట్టించుకోరు గానీ పేజీలకు పేజీలు ఇవే కనబడితే ఇంటర్వ్యూ చేసేవాడు కళ్లజోడు సర్దుకుంటాడు.

ఇంకొందరు విమానం గంటలు చౌక కదా, అవి కొనుక్కుంటే టోటల్ పెరుగుతుంది కదా అంటారు. టోటల్ పెరుగుతుంది, నిజమే. హెలికాప్టర్ కాలమ్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పైగా చేతులకు పట్టే అలవాటు వేరు. విమానంలో స్టాల్ హారన్ (రెక్కలు లిఫ్ట్ కోల్పోబోతున్నాయన్న హెచ్చరిక) మోగితే స్టిక్ ముందుకు తోసి పవర్ ఇవ్వాలి. రెండు బ్లేడ్ల ఆర్22లో రోటర్ వేగం తగ్గిందని చెప్పే లో-ఆర్పీఎం హారన్ మోగినప్పుడు అదే రిఫ్లెక్స్‌తో సైక్లిక్ (హెలికాప్టర్‌ని ముందుకూ వెనక్కీ పక్కలకూ నడిపే స్టిక్) ముందుకు తోస్తే రోటర్ మీద బరువు తేలిపోయి, మాస్ట్ బంపింగ్ (రోటర్ హబ్ తన ఇరుసుకే గుద్దుకోవడం) దాకా వెళ్లి, మనిషే మిగలకపోవచ్చు. రాబిన్‌సన్ సేఫ్టీ నోటీసుల్లో 29వది ప్రత్యేకంగా విమానం పైలట్ల కోసమే రాసినది. ఆర్22 సీట్లో కొత్తగా కూర్చున్న ప్రతివాడూ చదవాల్సింది అది.

ఇక రెండో దారి, ఇన్‌స్ట్రక్టర్ అవడం. ఎక్కువమంది పోయే దారి ఇదే, నా ఓటు కూడా దీనికే, కానీ "అందరూ చేస్తున్నారు కాబట్టి" కాదు. ఎఫ్ఏఏ రూల్లో ఇన్‌స్ట్రక్టర్ పాఠం చెప్పే సమయమంతా పైలట్ ఇన్ కమాండ్ గంటలే. కంట్రోల్స్ స్టూడెంట్ చేతిలో ఉన్నా సరే, అద్దె స్టూడెంట్ కడుతున్నా సరే. అంటే ఖరీదు వేరేవాళ్లది, కాలమ్ మనది, పైగా మనకే జీతం. ఇంతకన్నా బేరం ఏముంటుంది?

చిక్కు ఏమిటంటే లైసెన్స్ రాగానే ఆ సీటు దొరకదు. అమెరికాలో ఆర్22 మీద పాఠం చెప్పాలంటే హెలికాప్టర్లో 200 గంటలు, అందులో 50 ఆర్22లోనే ఉండాలి. యూరప్ నియంత్రణ సంస్థ ఈఏఎస్ఏ రూల్లో ఇంకా ఎక్కువ: హెలికాప్టర్ ఇన్‌స్ట్రక్టర్‌కి 250 గంటలు, కమర్షియల్ ఉన్నవాళ్లకి అందులో 100 పైలట్ ఇన్ కమాండ్‌గా. ఆపైన కూడా మొదట్లో రిస్ట్రిక్టెడ్ ఇన్‌స్ట్రక్టరే, 100 గంటలు పాఠం చెప్పి, 25 స్టూడెంట్ సోలోలు పర్యవేక్షిస్తే గాని ఆ ముద్ర పోదు. 150 దగ్గర ఆగిపోయిన మనిషికి అక్కణ్నుంచి ఈ 200 లేదా 250 దాకా ఉన్న ఖాళీ ఉంది చూశారూ, గంటలు కొనుక్కోవడం అర్థవంతమైన పని అయ్యేది ఈ ఒక్కచోటే. అది కూడా ఊరికే చక్కర్లు కొట్టడానికి కాదు. ఎలాగూ ఇన్‌స్ట్రక్టర్ ట్రైనింగ్ చెయ్యాలి, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనబడకపోయినా పరికరాలు చూసి ఎగిరే అర్హత) చెయ్యాలి, ఆ గంటలన్నీ ఈ ఖాళీలోనే పెట్టుకోవాలి. ఇంకా మిగిలితే రాత్రి క్రాస్ కంట్రీ చెయ్యండి, వాతావరణం బాగున్న వెన్నెల రాత్రి చూసుకుని, పక్కన అనుభవమున్న పైలట్‌ని పెట్టుకుని. పార్ట్ 135 అడిగే ఆ 25 రాత్రి గంటలు తర్వాత పాఠాలు చెబుతూ సంపాదించడం అనుకున్నంత తేలిక కాదు, స్టూడెంట్లు ఎక్కువగా పగలే వస్తారు.

పాఠం చెప్పడంలో నిజమైన లాభం లాగ్‌బుక్‌లో కనిపించదు. ఆర్22లో సైక్లిక్ ఇద్దరికీ కలిపి మధ్యలో ఒకటే ఉంటుంది, పైన అడ్డంగా ఊగే టీ-బార్. కుడి సీట్లో స్టూడెంట్ తన చివరను తొడ మీదికి దించుకుని పట్టుకుంటే ఎడమ సీట్లో మీ చివర గాల్లోకి లేస్తుంది, చెయ్యి అలా ఎత్తి పెట్టుకునే పాఠమంతా చెప్పాలి. ఇంజన్ పోయినట్టు థ్రాటిల్ మూశారనుకోండి. రోటర్ ఆర్పీఎం 97 శాతం దగ్గరికి జారగానే హారన్ అందుకుంటుంది. కలెక్టివ్ (రోటర్ బ్లేడ్ల కోణం మార్చే ఎడమచేతి లివర్) వెంటనే కిందికి దించాలి, ఈ చిన్న రోటర్‌లో ఊపు తక్కువ, ఆలోచించుకునేంత టైమ్ ఉండదు. కానీ భయపడిన స్టూడెంట్ చెయ్యి పైకే లాగుతుంది, నేల దగ్గరవుతుంటే మనిషి సహజంగా చేసేది అదే. మీ ఎడమ చెయ్యి అప్పటికే కలెక్టివ్ మీద ఉండాలి, పైకి రాకుండా అడ్డుకోవాలి, అరవకుండా "దించు" అని చెప్పాలి. ఇలాంటివి నెలల తరబడి రోజుకు నాలుగుసార్లు చూసిన మనిషికి వచ్చే ఒడుపు, ఒంటరిగా వెయ్యి గంటలు తిరిగినవాడికి రాదు. కంపెనీలకూ ఆ సంగతి తెలుసు.

ఇబ్బందులూ ఉన్నాయి. వాన పడితే క్లాస్ లేదు, మెషీన్ ఇన్‌స్పెక్షన్‌లో ఉంటే క్లాస్ లేదు, స్టూడెంట్ డబ్బులు అయిపోతే వాడే లేడు. చాలాచోట్ల ఎగిరిన గంటకే జీతం. నెలకు 40 గంటలు పడతాయనుకుంటే 200 నుంచి 1,000కి చేరడానికి 20 నెలలు, 25 గంటలే పడితే 32 నెలలు. అందుకే స్కూలు ఎంచుకునేటప్పుడే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మీ దగ్గర చదువుకున్నవాళ్లలో ఎంతమందిని మీరే ఇన్‌స్ట్రక్టర్లుగా పెట్టుకున్నారు, వాళ్లు ఇప్పుడు నెలకు ఎన్ని గంటలు ఎగురుతున్నారు? నోటితో చెప్పిన జవాబు వద్దు, ఆ ఇన్‌స్ట్రక్టర్ల దగ్గరికే వెళ్లి మాట్లాడండి. స్కూళ్లు బయటివాళ్లకన్నా తమ దగ్గర తయారైనవాళ్లనే ముందు తీసుకుంటాయి, కాబట్టి ట్రైనింగ్‌లో మీరు ప్రవర్తించే ప్రతి రోజూ ఇంటర్వ్యూయే. ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ కూడా ఉంటే క్లాసులు ఎక్కువ దొరుకుతాయి, అందుకని దాన్ని వాయిదా వెయ్యొద్దు.

మూడోది సీజన్ పనులు, వినడానికి అన్నిటికన్నా మజాగా ఉండేవి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో చెర్రీ పండ్లు కోతకొచ్చే వేళ వాన పడితే పండు పగిలిపోతుంది, అందుకని హెలికాప్టర్‌ని చెట్ల నెత్తిన మెల్లగా నడిపి రోటర్ గాలితో నీళ్లు దులుపుతారు. చల్లటి రాత్రుల్లో తోటల మీద మంచు పట్టకుండా, పైనున్న వెచ్చటి గాలిని కిందికి తోసే పని ఇంకోటి. ఆస్ట్రేలియా ఉత్తరాన స్టేషన్లు అనే పెద్ద పశువుల ఫారాల్లో ఆర్22లతో మందలను తోలతారు, దానికి లో-లెవెల్ రేటింగ్ (కిందుగా ఎగిరే అర్హత), మస్టరింగ్ (మంద తోలే) ఎండార్స్‌మెంట్ కావాలి. వానలు లేని నెలల్లో అక్కడ గంటలు గబగబా పడతాయి.

చెర్రీ పనిలో అలా కాదు. వాన పడితేనే ఎగిరేది, మిగతా రోజులు స్టాండ్‌బై డబ్బులు తీసుకుని ఆకాశం చూస్తూ కూర్చోవడమే. జేబుకు పర్వాలేదు, లాగ్‌బుక్‌కి పెద్దగా ఒరిగేది ఉండదు. ఈ పనులన్నిటిలోనూ ఉమ్మడి విషయం ఏమిటంటే నేలకు దగ్గరగా, నెమ్మదిగా, కరెంటు తీగల మధ్య ఎగరాలి. ఇంజన్ పోతే ఆటోరొటేషన్‌కి కావాల్సిన ఎత్తూ లేదు, వేగమూ లేదు. ఎత్తు-వేగం చార్టులో "ఇక్కడ ఉండకు" అని గీసిన భాగంలోనే పనంతా. 200 గంటల పైలట్‌కి ఇది మొదటి మెట్టు కాకూడదనే నా అభిప్రాయం. 500 దాటి, నేర్పేవాడు పక్కనుంటే అప్పుడు వేరే మాట. పశువుల స్టేషన్లలో అయితే చాలామంది ముందు నేల మీద పనివాళ్లుగా చేరి, పశువు ఎటు తిరుగుతుందో తెలుసుకుని, ఆ తర్వాతే మెషీన్ ఎక్కుతారు. ఆ వరస తెలివైనదే.

ఏరియల్ ఫొటోలు, వీడియోల పని కూడా ఇందులోకే వస్తుంది. అప్పుడప్పుడూ దొరికితే బాగుంటుంది, దాన్నే నమ్ముకుని కూర్చోలేం. కెమెరా పట్టుకున్నవాడు "ఇంకొంచెం నెమ్మదిగా, ఇంకొంచెం కిందికి" అంటూనే ఉంటాడు. వెనక గాలి తగులుతుండగా అలా నెమ్మదిస్తూ దిగితే వోర్టెక్స్ రింగ్‌లోకి (తన రోటర్ కిందికి తోసిన గాలిలోకే దిగి పడిపోయే స్థితిలోకి) జారడం ఎంతసేపు? కుదరదు అని చెప్పే ధైర్యం రాకముందే ఈ పని ఒప్పుకోవద్దు.

నాలుగోది పక్క సీటు. దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. ఒక్క పైలట్‌తో నడిచేలా సర్టిఫై అయిన చిన్న హెలికాప్టర్లో, రూల్ ఇద్దరు పైలట్లు కావాలని అడగని పనిలో, ఖాళీ సీట్లో కూర్చుని వెళ్లొస్తే అవి గంటలు కావు, షికారు. కో-పైలట్‌గా రాసుకోవాలంటే ఆ మెషీన్‌కో ఆ పనికో ఇద్దరు పైలట్లు తప్పనిసరి అయి ఉండాలి. ఆఫ్‌షోర్‌లో (సముద్రంలోని ఆయిల్ ప్లాట్‌ఫారాల పనిలో) ఏడబ్ల్యూ139, ఎస్-92 లాంటి పెద్ద ట్విన్ ఇంజన్ మెషీన్ల మీద అలాంటి సీట్లున్నాయి. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉంటే కొన్నిచోట్ల తక్కువ గంటలకే తీసుకుంటారు. దొరికితే అదృష్టమే: టర్బైన్, మల్టీ ఇంజన్, జీతం, క్రమశిక్షణ అన్నీ ఒకేచోట. కానీ ఆ సీట్లు కొన్నే, నియామకాలు ఆయిల్ ధరతో పాటు లేస్తాయి, పడతాయి. పైగా కమాండ్ కాలమ్ చాలాకాలం కదలదు. అప్లికేషన్ పెట్టి ఉంచండి, దాన్ని నమ్ముకుని ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ మాత్రం మానెయ్యొద్దు.

ఐదో దారి కూడా ఉందని కుర్రాళ్లు నవ్వుతూ అంటుంటారు, పెన్నుతో గంటలు రాసుకోవడం. విమానయానంలో దీనికి పాత పేరే ఉంది, పార్కర్ పెన్ గంటలు అని. మెషీన్ టెక్నికల్ లాగ్, మెయింటెనెన్స్ రికార్డు, పెట్రోల్ బిల్లు అన్నీ ఆ గంటలకు సాక్ష్యాలే. ఒక్కటి సరిపోకపోయినా లైసెన్స్ పోతుంది, గంటలు లేని చెయ్యి గాల్లో ఎలాగూ పట్టుబడుతుంది.

"అన్నా, పాఠం చెప్పడం నావల్ల కాదు, ఓపిక లేదు" అనేవాళ్లు ఉంటారు. నిజాయితీగా చెప్పే ఆ మాటకు విలువివ్వాలి, ఇష్టంలేని ఇన్‌స్ట్రక్టర్ చేతిలో పడిన స్టూడెంట్ తప్పుడు అలవాట్లు మోసుకుపోతాడు. అలాంటివాళ్లు ఒక ఆపరేటర్ దగ్గర గ్రౌండ్ క్రూగా చేరడం మేలు. పెట్రోలు పట్టడం, ప్యాసింజర్లను ఎక్కించడం, మెషీన్ కడగడం, ట్రెయిలర్ లాగడం. గంటలు రావు, జీతం పెద్దగా ఉండదు. కానీ చీఫ్ పైలట్ రోజూ మిమ్మల్ని చూస్తుంటాడు. మెషీన్‌ని ఖాళీగా ఇంకో బేస్‌కి చేర్చాల్సి వచ్చి ఇన్సూరెన్స్ ఒప్పుకున్న రోజున, ఎక్కడో దూరంగా ఉన్న రెజ్యూమేకి ఫోన్ చెయ్యరు, హ్యాంగర్లో ఉన్నవాడినే పిలుస్తారు. చేరే ముందు మాత్రం ఒకటి తేల్చుకోండి: ఇంతకుముందు ఈ పనిలో చేరినవాళ్లలో ఎవరైనా ఇక్కడే పైలట్ అయ్యారా, ఎన్నాళ్లకు? "చూద్దాంలే" అని జవాబొస్తే ఇంకో హ్యాంగర్ తలుపు తట్టండి.