క్రౌన్ ఆయిల్ రంగు చూసి బయలుదేరాం: పెంచలకోన, సోమశిల, ఉదయగిరి, భైరవకోన

నెల్లూరు ఆటోనగర్‌లో మేస్త్రి నా మహీంద్రా థార్ జీపు వెనక ఇరుసు కింద పళ్ళెం పెట్టి బోల్టు విప్పగానే, పాలు ఎక్కువైన టీ రంగులో ద్రవం జారింది. అది క్రౌన్ ఆయిల్, అంటే ఇరుసు లోపలి గేర్లు, బేరింగులు అరగకుండా పోసే నూనె. పోయించి రెండు నెలలైనా కాలేదు. ఆయన చూపుడువేలితో కాస్త తీసుకుని బొటనవేలితో రుద్ది చూపించాడు. "చూడండి సార్, జిగటే లేదు. నీళ్ళు చేరాయి. ఇలాగే నడిపితే బేరింగులు అరిగిపోతాయి" అన్నాడు.

అంతకు నెల ముందు దూరాన ఒక పెద్ద నగరంలోని దుకాణంలో స్నార్కెల్, అంటే ఇంజను గాలిని పై ఎత్తు నుంచి పీల్చుకునే గొట్టం, పెట్టించాను. నడుము లోతు నీళ్ళయినా భయం లేదని చెప్పి డబ్బు తీసుకున్నారు. ఇరుసు లోపలికి, బయటికి గాలి ఆడే ఊపిరి గొట్టం సంగతి ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆ మాట దాచినందుకు నాకు ఇప్పటికీ కోపమే. బండిని నీళ్ళలోకి దించాలనుకునేవాళ్ళు ముందుగా తెలుసుకోవలసింది ఆ గొట్టం గురించే.

రోడ్డు మీద గంటసేపు నడిచిన బండి ఇరుసు బాగా వేడెక్కి ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా చన్నీళ్ళలో ముంచితే లోపలి గాలి సంకోచించి బయటి నుంచి పీల్చుకుంటుంది. ఊపిరి గొట్టం మూతి నీళ్ళలో ఉంటే అక్కడి నుంచి నీళ్ళే లోపలికి పోతాయి. మూతి పూడిపోతే ఆయిల్ సీళ్ళ అంచుల నుంచి లాక్కుంటుంది. మేస్త్రి ముందు వెనక ఇరుసులకు, గేర్‌బాక్సుకు, ముందు వెనక ఇరుసులకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకు పొడవాటి రబ్బరు గొట్టాలు తగిలించి, వాటి మూతులను ఇంజను గదిలో పైఅంచు దాకా తెచ్చి కట్టాడు. ఎక్కడా మెలిక పడకుండా, సైలెన్సరు వేడి తగలకుండా ఒకటికి రెండుసార్లు చేతితో తడిమి చూశాడు. మొత్తం ఒక పూట పని. స్నార్కెల్‌కు అయిన ఖర్చులో పదో వంతు కూడా కాలేదు.

స్నార్కెల్ వద్దని నేను అనను. ఇంజను గాలికి బదులు నీళ్ళు పీల్చితే, నీరు గాలిలా నొక్కితే కుదించుకోదు కాబట్టి పైకి వచ్చే పిస్టన్ ఆగిపోయి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. దాని నుంచి స్నార్కెల్ కాపాడుతుంది, అదీ అతుకులన్నీ గాలి చొరకుండా బిగిస్తేనే. మా మేస్త్రి ఇంజను నడుస్తుండగా స్నార్కెల్ మూతిని అరచేత్తో మూసి చూశాడు. ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోవాలి. నాది ఆగలేదు. ఎయిర్ ఫిల్టరు పెట్టె దగ్గర క్లిప్పు వదులుగా ఉంది! ఆ దుకాణం మీద కోపం రెట్టింపైంది. ఇంకో సంగతి, గొట్టం ఎంత ఎత్తున ఉన్నా, బండి దిగవచ్చని కంపెనీ చెప్పిన నీళ్ళ లోతు మారదు. థార్‌కు 650 మిల్లీమీటర్లు, ఫ్యాక్టరీ నుంచే స్నార్కెల్‌తో వచ్చే ఫోర్స్ గూర్ఖాకు 700, మారుతి జిమ్నీకి 300. 650 అంటే మనిషికి నడితొడ దాకా. అది నిలిచిన నీళ్ళ లెక్క, పారే నీళ్ళకు వర్తించదు.

బయలుదేరే ముందు వైర్ల జోడింపులు విప్పి గ్రీజు రాశాం, తలుపుల రబ్బర్లు తుడిచాం. బావది పాత మహీంద్రా జీపు. బెల్టుతో తిరిగే ఫ్యాను నీళ్ళు తగిలితే వంగి రేడియేటరును కోసేస్తుంది కాబట్టి, లోతు నీళ్ళ దగ్గర ఆ బెల్టు తీసేయడానికి స్పానర్లు సీటు కిందే పెట్టుకున్నాడు. ఇన్సూరెన్సు పత్రం తీసి చదివాను. నీళ్ళు చేరి ఇంజను పాడైతే మామూలు పాలసీలో సాధారణంగా డబ్బు రాదు, ఇంజను రక్షణకు విడిగా కట్టాలి. నేను కట్టాను.

కార్తీకం చివరి వారంలో రెండు బండ్లతో బయలుదేరాం. పొదలకూరు, రాపూరు మీదుగా సుమారు 80 కిలోమీటర్లు వెళితే పెంచలకోన. దారి బాగుంది. పెనుశిల లక్ష్మీనరసింహస్వామి దర్శనం ప్రశాంతంగా జరిగింది. రాత్రికి దేవస్థానం గదిలో ఉన్నాం. మంచం, శుభ్రమైన నీళ్ళు, బండ్లు పెట్టుకోవడానికి చోటు ఉన్నాయి. తెల్లవారుజామున కొండ మీద నుంచి దిగే చల్లగాలికి కిటికీ తెరిస్తే చాలు. కుటుంబంతో వెళ్ళేవారికి ఈ నాలుగు చోట్లలో నేను మొదట చెప్పేది ఇదే. కానీ బండితో సాహసాలకు ఇది చోటు కాదు. చుట్టూ ఉన్నది పెనుశిల నరసింహ వన్యప్రాణి అభయారణ్యం. అనుమతి లేకుండా అడవి బాటల్లోకి చక్రం దించకూడదు, మేమూ దించలేదు.

అక్కడి నుంచి కలువాయి మీదుగా సోమశిల. 78 టీఎంసీల జలాశయం నిండుకుండలా ఉంది. ఒడ్డున నిలబడితే నాకు 2021 నవంబరు గుర్తొచ్చింది. అప్పుడు ఇక్కడి నుంచి వదిలిన నీళ్ళు 5 లక్షల క్యూసెక్కులు దాటాయి. కింద కోవూరు వైపు దామరమడుగు దగ్గర జాతీయ రహదారే తెగిపోయింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. తారురోడ్డును తెంపిన పెన్న ముందు రెండు టన్నుల బండి ఏపాటిది! సోమశిలలో బస చేయలేదు. టీ తాగి ఆత్మకూరు చేరి డీజిల్ నింపుకున్నాం. ఉదయగిరి వైపు వెళితే మళ్ళీ పెద్ద బంకు ఎప్పుడు తగులుతుందోనని ఇక్కడే నింపుకోవడం మంచిది.

ఆత్మకూరు నుంచి ఉదయగిరి వెళ్ళే దారికి కాస్త లోపలగా బావ స్నేహితుడి పొలం ఉంది. పక్కనే చెరువు అలుగు కింద నీళ్ళు నిలిచిన బాట. మేము చేసిన అసలు పరీక్ష అక్కడే. ముందు ఇరుసులు చల్లారేదాకా అరగంట ఆగాం. బావ చెప్పులు విడిచి వెదురు కర్రతో బాట పొడవునా నడిచాడు. ఎక్కువ లోతున్న చోట కర్ర మీద దారం కట్టి తెచ్చి టేపుతో కొలిస్తే 55 సెంటీమీటర్లు. అడుగున గట్టి మట్టి, గుంటలు లేవు. టైర్ల గాలి తగ్గించాం. కిటికీలు దించి, సీటు బెల్టు తీసి, లో రేంజిలో (వేగం తగ్గించి లాగే బలం పెంచే గేర్ల వరస) రెండో గేరు వేసి నడక వేగంతో దించాను. బంపరు ముందు నీళ్ళు కొంగు మడతలా లేచి పక్కలకు జరిగాయి, ఆ అల వెనకాల, ఇంజను చుట్టూ నీటిమట్టం తగ్గింది. ఆ అలను అలాగే తోసుకుంటూ పోవాలి. తొందరపడితే అల బానెట్ ఎక్కుతుంది, ఆగితే నీళ్ళు వెనక్కి వచ్చి చుట్టేస్తాయి. మధ్యలో క్లచ్చి తొక్కకూడదు, గేరు మార్చకూడదు. ఒకవేళ ఇంజను ఆగిపోతే మళ్ళీ తాళం తిప్పకుండా తాడుతో లాగించుకోవాలి. కాళ్ళ దగ్గర చాపకు చెమ్మ కూడా తగలకుండా అవతలికి ఎక్కాను. ఒడ్డెక్కాక బ్రేకులు నాలుగైదుసార్లు మెల్లగా తొక్కి ఆరబెట్టుకున్నాం.

ఉదయగిరిలో రాత్రి బస ఒక లాడ్జిలో. పేరు చెప్పను. దుప్పట్లు ఉతికినవి కావు, వేణ్ణీళ్ళు ఇస్తామని చెప్పి ఇవ్వలేదు, పొద్దున అడిగితే విసుక్కున్నారు. అయినా ఊరు ఒక రోజు ఉండదగినదే. 1513లో మొదలై ఏడాదికి పైగా సాగిన ముట్టడి తర్వాత శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం తలెత్తితే కనిపిస్తుంది. ఊళ్ళో ఆడవాళ్ళు చెక్కిన కొయ్య గరిటెలు రెండు కొన్నాను. పిడి చివర చిన్న ఆకు చెక్కి ఉంది. బేరం ఆడబుద్ధి కాలేదు.

మర్నాడు సీతారామపురం దాటాక ఒక చప్టా మీద వాగు పారుతోంది. చూడటానికి మోకాలి లోతు కూడా లేదు. ముందురోజు 55 సెంటీమీటర్లలో దిగి వచ్చిన ధైర్యంతో నేను లో రేంజి వేసేశాను. బావ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు, ఇవి పారే నీళ్ళు" అని నీటి అంచున వరసగా ఐదు గులకరాళ్ళు పేర్చాడు. మేకలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి, "రాత్రి కొండ మీద వాన పడింది నాయనా, ఇంకా పెరుగుతుంది" అన్నాడు. పది నిమిషాల్లో రెండు రాళ్ళు మునిగాయి. నీళ్ళ రంగు కూడా ఎర్రబడింది, పుల్లలు, ఆకులు కొట్టుకొస్తున్నాయి.

బండి అడుగు నాలుగు చదరపు మీటర్లు అనుకుంటే, అది పది సెంటీమీటర్లు మునిగేసరికి 400 కిలోల నీటిని పక్కకు తోస్తుంది. చక్రాల మీద అంత బరువు తగ్గిపోతుంది. పైగా ప్రవాహ వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. తేలిన బండిని వాగు చప్టా అంచు దాటించి కిందికి తోస్తుంది. అప్పుడు స్నార్కెల్ గానీ నా రబ్బరు గొట్టాలు గానీ చేయగలిగింది ఏమీ లేదు. వెనక్కి తిరిగాం. దుత్తలూరు, పామూరు, చంద్రశేఖరపురం మీదుగా చుట్టు తిరిగి, అంబవరం కొత్తపల్లి పక్కనున్న భైరవకోన చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

ఆ చుట్టు తిరుగుడుకు నేను కొంచెం కూడా బాధపడలేదు. ఒకే కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే సుమారు 200 అడుగుల నుంచి దూకుతున్న జలపాతం. వానలు వెనకపట్టిన ఈ రోజుల్లోనే అది నిండుగా ఉంటుంది. కార్తీక పౌర్ణమి వెన్నెల అమ్మవారి మీద పడుతుందని చెబుతారు. మేము వారం ఆలస్యంగా వచ్చాం. రాత్రికి పామూరు వచ్చి ఉన్నాం. చిన్న లాడ్జే కానీ దుప్పట్లు ఎండ వాసన వేస్తున్నాయి, యజమాని తానే గొట్టం తెచ్చి బండ్ల అడుగు కడుక్కోమన్నాడు.

నెల్లూరు చేరిన రోజే ఆటోనగర్ వెళ్ళాం. మేస్త్రి పళ్ళెం పెట్టి బోల్టు విప్పాడు. ఈసారి తేనె రంగులో, తీగలా సాగుతూ దిగింది. నా రెండు ఇరుసులూ అంతే. బావ జీపు ముందు ఇరుసులో మాత్రం కాస్త తెల్లదనం కనిపించింది. సీలు మార్చాలన్నాడు. జీపు అక్కడే వదిలి ఇద్దరం నా బండిలో ఇంటికి వచ్చాం.