కాటన్‌వుడ్ ఫాల్స్‌లో ఒక రాత్రి: 851 మంది ఉన్న కౌంటీ కేంద్రం

నాన్న వినుకొండ నుంచి వచ్చి రెండు నెలలైంది. షికాగో, నయాగరా అన్నీ తిప్పాం, బాగున్నాయన్నారు గానీ ఆ తర్వాత ఆయనే అడిగారు, "ఇక్కడ మన పల్లెల్లాంటివి లేవా? ఒకటి చూపించరా" అని. మేముండేది కాన్సాస్‌లోని ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో. ఇక్కడి మనవాళ్లు చాలామంది ఐ-35 హైవే మీద విచిటా వెళ్తూ ఎంపోరియాలో పెట్రోలు కొట్టించుకుని సాగిపోతారు, నేనూ ఆరేళ్లు అదే చేశాను. ఈసారి ఎంపోరియా దగ్గర యూఎస్-50 మీదికి తిరిగి, స్ట్రాంగ్ సిటీలో ఎడమకి మళ్లితే రెండు మైళ్లలో కాటన్‌వుడ్ ఫాల్స్ వచ్చేసింది. మా ఇంటి నుంచి మొత్తం రెండు గంటలు.

ఇది చేజ్ కౌంటీకి కేంద్రం, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. 2020 జనాభా లెక్కల్లో ఊళ్లో 851 మంది, కౌంటీ అంతా కలిపినా 2,572 మంది. ఆ లెక్క చెబితే నాన్న నమ్మలేదు, "మన వీధిలోనే అంతకన్నా ఎక్కువ ఉంటారు కదరా" అన్నారు. అయితే బ్రాడ్‌వే అనే ఇటుకలు పరిచిన వీధిలోకి తిరగ్గానే చివర కోర్టు భవనం కనిపించి మాట ఆగిపోయింది. తెల్లటి సున్నపురాయి గోడలు, ఎర్రటి కప్పు, పైన గడియారం. 1873లో కట్టారు, కాన్సాస్‌లో ఇప్పటికీ వాడుతున్న కోర్టు భవనాల్లో ఇదే పాతది. దీన్ని డిజైన్ చేసిన జాన్ హాస్కెల్‌కి రాష్ట్ర రాజధాని టొపీకాలోని క్యాపిటల్ (శాసనసభ) భవనంలోనూ చేయి ఉంది.

మేం కావాలనే శుక్రవారం వెళ్లాం, ఆఫీసులు పనిచేసే రోజు చూస్తేనే దాని ప్రాణం తెలుస్తుందని. నాన్న 1985లో మండలాలు వచ్చేదాకా తాలూకా కచేరీలో గుమాస్తా. భూమి రికార్డులు ఎక్కడ పెడతారు అన్నదే ఆయన మొదటి ప్రశ్న. కౌంటర్ దగ్గరున్న ఆవిడ ఏమాత్రం విసుక్కోకుండా, ఆస్తి పత్రాలు నమోదు చేసే ఆఫీసు ఇదే భవనంలో ఉందని, ఎవరైనా వచ్చి రికార్డులు చూసుకోవచ్చని చెప్పింది. అడంగల్, 1-బి అంటే ఏమిటో నాన్న తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. ఆవిడ నిజంగా ఆసక్తిగా విన్నది. ఆ తర్వాత నల్ల వాల్‌నట్ చెక్కతో చేసిన మెట్లు చూపించింది, మూడు అంతస్తులూ మెలికలు తిరుగుతూ పైకి పోతాయి. ఆ చెక్క ఊరి పక్కనున్న కాటన్‌వుడ్ నది ఒడ్డు చెట్లదే. నాన్న మోకాళ్ల నొప్పి మర్చిపోయి పైదాకా ఎక్కారు, రెయిలింగ్ మీద చెయ్యి తీయకుండా.

రాత్రికి ఆ వీధిలోనే గ్రాండ్ సెంట్రల్ హోటల్‌లో దిగాం, 1884 నాటి భవనం. హైవే మోటెళ్లకి దాదాపు రెట్టింపు ఖర్చయింది, అయినా నాకు డబ్బు దండగ అనిపించలేదు. గది శుభ్రం, ఏ చప్పుడూ లేదు, పొద్దున్నే లేచి నది దాకా నడిచి వెళ్లొచ్చు. 1914 నాటి కాంక్రీటు ఆర్చి వంతెన ఉంది, ఇప్పుడు నడిచేవాళ్లకే వదిలారు, పక్కనే ఆనకట్ట మీంచి నీళ్లు దూకుతుంటాయి. రెండో రాత్రి ఖర్చు తగ్గిద్దామని ఎంపోరియాలో ఒక మోటెల్‌కి మారాం, అది తప్పు. గదినిండా సిగరెట్ కంపు, వేరే గది అడిగితే లేవన్నారు, నాన్న సరిగా నిద్రపోలేదు. మీరు మాత్రం రెండు రాత్రులూ ఊళ్లోనే ఉండండి.

తిండి విషయం ముందే చెప్పాలి. ఇది పశువుల దేశం, హోటళ్లలో గొడ్డు మాంసమే ప్రధానం. శాకాహారులకి గ్రిల్డ్ చీజ్, వేపుడు బంగాళాదుంప, పై అనే తీపి వంటకం, అంతే. మేం పులిహోర, చపాతీలు, గోంగూర పచ్చడి తీసుకెళ్లాం కాబట్టి సరిపోయింది. పెట్రోలు ఎంపోరియాలోనే నింపుకోండి. మ్యాపులు డౌన్‌లోడ్ చేసుకోండి, కొండల మధ్య సిగ్నల్ పోతే టెన్షన్ పడక్కర్లేదు.

శనివారమంతా టాల్‌గ్రాస్ ప్రెయిరీ అనే రక్షిత గడ్డి మైదానంలో గడిచింది. స్ట్రాంగ్ సిటీకి రెండు మైళ్లే, ప్రవేశం ఉచితం, దాదాపు 10,900 ఎకరాలు. ఒకప్పుడు ఉత్తర అమెరికాలో 17 కోట్ల ఎకరాల్లో ఉన్న ఈ పొడుగు గడ్డి ఇప్పుడు 4 శాతం కూడా మిగల్లేదు, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఫ్లింట్ హిల్స్ అనే ఈ కొండల ప్రాంతంలోనే. కారణం నేలలోని చెకుముకి రాయి. పైన వేలెడు మట్టి, కింద రాయి, నాగలి దిగదు, అందుకే ఎవరూ దున్నలేకపోయారు, పశువుల మేతకి వదిలేశారు. పల్నాడు రాళ్ల చేలల్లో పెరిగిన నాన్నకి ఇది విడమరిచి చెప్పక్కర్లేకపోయింది, వంగి ఒక రాయి తీసి చూసి మళ్లీ అక్కడే పెట్టారు. అక్టోబరులో గడ్డి మనిషెత్తు పెరిగి రాగి రంగులోకి మారుతుంది. 2009లో దక్షిణ డకోటా నుంచి తెచ్చి వదిలిన బైసన్ల (అమెరికా అడవిదున్నల) సంతతి దూరంగా మేస్తూ కనిపించింది, వాటికి మాత్రం దగ్గరగా వెళ్లకండి. వేసవిలో అయితే ఎక్కడా నీడ ఉండదు, పెద్దవాళ్లని తీసుకెళ్లొద్దు.

మార్చి, ఏప్రిల్‌లో రైతులు ఈ గడ్డికి నిప్పు పెడతారు, కాలిన చోటే కొత్త పచ్చిక వస్తుంది. రాత్రిపూట కొండల మీద ఆ మంటల గీతలు చూడాలని నాన్న కోరిక. ఆయన టికెట్ నవంబరుకే ఉంది. వచ్చే ఏడాది మార్చికల్లా వచ్చేయమని ఇప్పటి నుంచే పోరు పెడుతున్నాను.